పదిహేను గుళ్ల దారి: మీ ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో స్విట్జర్లాండ్ సాస్ లోయ గురించి నాలుగు ముక్కలు రాశాను, లోయ అడుగునున్న సాస్-గ్రుండ్ అనే ఊరి నుంచి కొండ మీది సాస్-ఫే ఊరి దాకా అడవిలోంచి వెళ్లే పాత యాత్ర దారి గురించి. ఆ దారిని అక్కడ కపెల్లెన్‌వేగ్ అంటారు, చిన్న చిన్న గుళ్ల దారి అనుకోండి. దాని మీద చాలా మంది ప్రశ్నలు పంపారు, అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. జూన్‌లో జ్యూరిక్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకి వెళ్తున్నాను. వాడు కేబుల్ కార్లన్నీ ఎక్కిస్తానంటున్నాడు కానీ నాకేమో కాస్త నడవాలని ఉంది. కుడి మోకాలు నొప్పి, పోయినేడు అలిపిరి నుంచి బయల్దేరి గాలిగోపురం దాకా ఎక్కి ఇంక నావల్ల కాక ఆగిపోయాను. ఆ దారి నేను నడవగలనా, లేక ఊరికే ఆశ పడుతున్నానా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

ఆశ పడండమ్మా, ఇది ఆశ పడదగ్గ దారే. అలిపిరి దారి మొత్తం 3550 మెట్లు, మీరు గాలిగోపురం దాకా వెళ్లారంటే సగానికి పైగా మెట్లు ఎక్కేసినట్టే, దాంతో పోలిస్తే ఇది చాలా నెమ్మదైన ఎక్కుడు. సాస్-గ్రుండ్ సుమారు 1560 మీటర్ల ఎత్తులో ఉంది, సాస్-ఫే 1800 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే మీరు ఎక్కాల్సింది 240 మీటర్లు, అదీ రెండున్నర కిలోమీటర్ల పొడుగునా పరుచుకుని ఉంటుంది. వంద అడుగులు నడిస్తే పది అడుగులు పైకి వెళ్తాం అన్నమాట. కొన్ని చోట్ల రాతి మెట్లుంటాయి, కొన్ని చోట్ల మట్టి దారి, లార్చ్ అనే చెట్ల సూదుల్లాంటి ఆకులు రాలి మెత్తగా ఉంటుంది, పైన నీడ.

రెండేళ్ల కింద మా అమ్మని తీసుకెళ్లాను, అప్పుడు ఆవిడకి 66. నేను మామూలుగా గంట పైచిలుకులో ఎక్కే దారికి ఆవిడతో రెండు గంటల పది నిమిషాలు పట్టింది, ఆ రెండు గంటల్లో ఒక్కసారి కూడా "ఇంక ఎంత దూరం" అని అడగలేదు, ఎందుకంటే ఆ దారి కట్టిన తీరే ఆగుతూ వెళ్లడానికి. కొంచెం ఆయాసం వస్తోంది అనుకునేసరికి ఒక గుడి కనపడుతుంది. తెల్ల గోడలు, పైన రాతి పలకల కప్పు, లోపలికి చూడ్డానికి కటకటాలు. అమ్మ ఆ కటకటాలు పట్టుకుని లోపలి బొమ్మలని ఒక్కొక్కటే చూసేది, ఊపిరి కుదురుకునేది, చీర కుచ్చిళ్లు సర్దుకుని మళ్లీ కదిలేది. ఆవిడ అలిసిపోయి ఆగిందా చూడ్డానికి ఆగిందా అన్నది పక్కనున్న నాకే తెలియలేదు. పెద్దవాళ్లతో నడిచేటప్పుడు ఇది చాలా పెద్ద విషయం, తన వల్ల అందరూ ఆగుతున్నారనే బాధ ఉండదు, ఎందుకంటే అందరూ ఎలాగూ ఆగుతారు.

ఇప్పుడు మోకాలి సంగతి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను, పైకి నడవండి, కిందకి నడవొద్దు. చాలా మంది తెలిసినవాళ్లు కూడా "దిగడం తేలిక కదా, ఫే దాకా బస్సులో వెళ్లి గుళ్లు చూసుకుంటూ దిగిపోండి" అని సలహా ఇస్తారు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అది సరిగ్గా తప్పు సలహా. ఎక్కేటప్పుడు కష్టపడేది గుండె, ఊపిరి, తొడ కండలు. దిగేటప్పుడు మాత్రం ప్రతి అడుగులోనూ ఒంటి బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది, అప్పటికి తెలియదు, సాయంత్రానికి వాచి కూర్చుంటుంది. అందుకే గ్రుండ్‌లో మొదలుపెట్టి ఫేలో ముగించండి, తిరిగి రావడానికి పసుపు రంగు పోస్ట్ బస్సు ఉంది, పది నిమిషాల్లో కింద దింపేస్తుంది. చేతికర్ర ఒకటి తీసుకోండి, కుడి మోకాలు నొప్పి అన్నారు కాబట్టి కర్ర ఎడం చేత్తో పట్టుకోవాలి, చాలా మంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దాని వల్ల ఉపయోగం తక్కువ. బయల్దేరే ముందు మీ ఆర్థో డాక్టర్‌కి ఈ లెక్కలు చెప్పండి, 240 మీటర్ల ఎక్కుడు, రెండున్నర కిలోమీటర్లు అని, ఊరికే "కొండ ఎక్కుతాను" అంటే ఆయన వద్దనే అంటారు. ఇంకో నెల టైముంది కదా, రోజూ మీ అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి లిఫ్ట్‌లో దిగండి, రెండంతస్తులతో మొదలుపెట్టి.

ఎత్తు గురించి భయం అక్కర్లేదు, ఊటీ ఇంకా ఎత్తు. కాకపోతే మీ అబ్బాయి చెప్పే కేబుల్ కార్లలో ఒకటి, సాస్-ఫే నుంచి భూగర్భ రైలుతో కలిపి మిట్టెలాలలిన్ అనే చోటికి 3500 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది, 1984 నుంచి నడుస్తోంది అది. అంత ఎత్తుకి అంత తొందరగా వెళ్లడం బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఆలోచించాల్సిన సంగతి. నన్నడిగితే నడక దారే మీకు మంచిది, కేబుల్ కారు తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: మేం హిందువులం. ఆ గుళ్ల దగ్గర ఆగొచ్చా, లోపలికి వెళ్లాలంటే చెప్పులు విడవాలా, ఎవరైనా ఏమైనా అనుకుంటారా? – హనుమకొండ

ఎవరూ ఏమీ అనుకోరు. రోజూ ఎక్కడెక్కడివాళ్లో వెళ్తుంటారు, కొందరు జపమాల తిప్పుకుంటూ, కొందరు కుక్కని పట్టుకుని, కొందరు వీపు మీద పిల్లాణ్ణి మోసుకుంటూ. చిన్న గుళ్లలోకి వెళ్లేది ఉండదు, బయట నిలబడి కటకటాల్లోంచి చూడ్డమే. ఫే చేరబోయే ముందు ఒక పెద్ద గుడి వస్తుంది, 1687లో కట్టింది, అందులోకి మాత్రం వెళ్లొచ్చు. చెప్పులు విడవక్కర్లేదు, కానీ మగవాళ్లు టోపీ తీసేస్తారు, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోవాలి, ఎవరైనా ప్రార్థన చేస్తుంటే ఫొటోలు తీయొద్దు. కుంకుమ చల్లడం, పూలు కటకటాల్లోంచి లోపలికి వేయడం, ఇవి చేయొద్దు, అవి మూడొందల ఏళ్ల నాటి చెక్కబొమ్మలు, ఒక్కసారి మరక పడితే పోదు. కొవ్వొత్తి వెలిగించాలనిపిస్తే అందుకు పెట్టిన చోటే వెలిగించండి.

ఆ పెద్ద గుడి పేరు చెప్పాలి మీకు. మరియా త్సుర్ హోహెన్ ష్టీగె. ష్టీగె అంటే మెట్లు, హోహె అంటే ఎత్తైన. ఎత్తు మెట్ల మరియమ్మ! కొండకి ఆనుకుని నిజంగానే రాతి మెట్ల వరస ఉంటుంది అక్కడ. ఈ పేరుకి అర్థం చెప్పగానే మా అమ్మ "అయితే ఇది మన మెట్ల దారేనే" అని షూ లేసులు విప్పేసి, వద్దన్నా వినకుండా, ఆ మెట్లు మాత్రం ఉత్త కాళ్లతో ఎక్కింది. సెప్టెంబర్ పొద్దున, రాయి మంచుముక్కలా ఉంది, సాక్స్ చేతిలో పట్టుకుని ఒక్కో మెట్టూ తాకి కళ్లకద్దుకుంటూ ఎక్కింది. పై నుంచి దిగుతున్న ఒక స్విస్ పెద్దావిడ పక్కకి తప్పుకుని, అమ్మ దాటేదాకా అలాగే నిలబడింది, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, తల ఊపుకున్నారు అంతే. మీరు అలా చేయాలని చెప్పట్లేదు, చేసినా ఎవరూ తప్పు పట్టరని చెప్తున్నా.

ప్రశ్న: మేం గుణదల మాత కొండకి ఏటా ఫిబ్రవరిలో వెళ్తాం, కొండ మీదికి సిలువ మార్గం చేస్తాం. మీరు రాసిన దాంట్లో 15 గుళ్లు అన్నారు, సిలువ మార్గం స్థలాలు 14 కదా, పొరపాటున రాశారా? – గుంటూరు

పొరపాటు కాదండీ, 15 కరెక్టే. ఇది సిలువ మార్గం కాదు, జపమాల దారి. 1709లో ఈ గుళ్లు కట్టినప్పుడు జపమాలలో దేవరహస్యాలు, అంటే జపం చేస్తూ తలుచుకునే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు, 15 ఉండేవి, సంతోష దేవరహస్యాలు 5, దుఃఖ దేవరహస్యాలు 5, మహిమ దేవరహస్యాలు 5. ఒక్కో దానికి ఒక్కో గుడి. మీరిప్పుడు చెప్పుకునే వెలుగు దేవరహస్యాలు 5, వాటిని 2002లో రెండో జాన్ పాల్ పోపు గారు చేర్చారు, కాబట్టి ఈ దారిలో అవి ఉండవు. గుళ్లలో ఉన్నవి రంగులు వేసిన చెక్కబొమ్మలు, అన్నీ కలిపితే వంద దాకా ఉంటాయి, దేవదూత మరియమ్మకి మంగళవార్త చెప్పడం దగ్గర మొదలు.

మీలాంటి వాళ్లకి ఈ దారి ఇంకో రకంగా తెరుచుకుంటుంది. దుఃఖ దేవరహస్యాల గుళ్ల దగ్గర కాసేపు ఎక్కువ ఆగండి. ఆ బొమ్మలు చెక్కినవాళ్లు కొండ ఊళ్లవాళ్ల కోసం చెక్కారు, చదువు రానివాళ్లు కూడా చూసి అర్థం చేసుకునేట్టు, కొరడా పట్టినవాడి మొహంలో కోపం, కిందున్నవాడి మొహంలో నొప్పి, మొత్తం మొహాల్లోనే పెట్టేశారు. మన ఊళ్లలో దసరాకి బొమ్మలు చేసేవాళ్లు రాక్షసుడి కళ్లు ఎంత శ్రద్ధగా దిద్దుతారో అంత శ్రద్ధ కనిపిస్తుంది. మీరు ఎక్కుతూ ఒక్కో గుడి దగ్గర ఒక పది పూసలు చెప్పుకుంటే పైకి చేరేసరికి పాత జపమాల మొత్తం పూర్తవుతుంది, ఆ నడక కొలతే అది.

ప్రశ్న: నేను లోజాన్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. ఒక్క రోజులో వెళ్లి రావచ్చా, ఎలా వెళ్లాలి, ఖర్చు తగ్గించుకునే దారి ఉందా?

హాయిగా వెళ్లి రావచ్చు. రోన్ నది వెంట వెళ్లే రైలెక్కి విస్ప్‌లో దిగు, బోర్డు మీద వి తో ఉంటుంది కానీ అక్కడివాళ్లు ఫిస్ప్ అంటారు, అనౌన్స్‌మెంట్ విని కంగారు పడకు. స్టేషన్ బయటే పోస్ట్ బస్సు, ముప్పావుగంట లోపే సాస్-గ్రుండ్. జ్యూరిక్ నుంచైతే విస్ప్‌కి రెండు గంటలు, 2007లో తెరిచిన లోట్ష్‌బెర్గ్ సొరంగం వచ్చాక అంత దగ్గరైంది. స్టూడెంట్‌వి కాబట్టి నీ దగ్గర హాఫ్ ఫేర్ కార్డు ఉండే ఉంటుంది, బస్సులో కూడా పనికొస్తుంది, ఇండియా నుంచి అమ్మానాన్న వస్తే వాళ్లు స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే రైలూ ఈ బస్సూ రెండూ అందులోనే. దారికి టికెట్ ఏమీ లేదు. పులిహోర కట్టుకెళ్లు, ఊళ్లో రాతి తొట్టెల్లోకి పడే కుళాయి నీళ్లు తాగొచ్చు, "కైన్ ట్రింక్‌వాసర్" అని బోర్డు ఉన్నచోట మాత్రం తాగకూడదు. ఒక ఖాళీ సీసా ఉంటే చాలు.

ప్రశ్న: మేమిద్దరం ట్రెక్కింగ్ బాగా చేస్తాం, హిమాలయాల్లో రెండు మూడు చేశాం. గంటలో అయిపోయే దారి కోసం అంత దూరం వెళ్లడం వేస్ట్ కాదా? – హైదరాబాద్ జంట

కాదు. మీకు కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కాళ్లలో బలం ఉన్నవాళ్లే ఈ దారిని గబగబా దాటేసి ఏమీ చూడకుండా వెళ్లిపోతారు.

సాస్-ఫేకి మోటారు రోడ్డు పడింది 1951లో. ఆ రోడ్డు కూడా ఊరి గుమ్మం దాకే, ఇప్పటికీ ఊళ్లోకి పెట్రోలు కార్లు రానివ్వరు, బయట పార్కింగ్‌లో పెట్టి నడవాలి, లోపల చిన్న బ్యాటరీ బండ్లే తిరుగుతాయి. అంటే 1951 ముందు ఆ ఊరికి ఏది రావాలన్నా, ఉప్పు, ఉత్తరాలు, పెళ్లికూతురు, డాక్టరు, అన్నీ కాలినడకన గానీ కంచర గాడిద మీద గానీ ఎక్కి రావాల్సిందే. మనం ఇవాళ సరదాగా నడిచే రాళ్ల మీద అరుగుడు చూడండి, అది ట్రెక్కర్ల బూట్ల వల్ల వచ్చింది కాదు. 1849 చలికాలంలో అక్కడి ఫాదర్ యోహాన్ యోసెఫ్ ఇమ్‌సెంగ్, కింద గ్రుండ్‌లో ఒకాయన చావుబతుకుల్లో ఉన్నాడని కబురొస్తే, మంచులో నడిచి వెళ్తే ఆలస్యమవుతుందని కాళ్లకి చెక్కలు కట్టుకుని ఫే నుంచి జారుకుంటూ దిగాడని చెప్పుకుంటారు, స్విట్జర్లాండ్‌లో మొదటి స్కీయర్ ఆయనే అని ఆ ఊరివాళ్ల గర్వం, ఊళ్లో ఆయన విగ్రహం కూడా ఉంది. ఈ కథ తెలిసి ఆ కొండవాలు చూస్తే రెండున్నర కిలోమీటర్లు చిన్న దూరం అనిపించదు.

ఇంకో సంగతి, అడవి అయిపోయేదాకా మీకు పెద్ద కొండలు సరిగ్గా కనపడవు. చెట్ల సందుల్లో ఒక తెల్లటి ముక్క అక్కడక్కడా కనిపిస్తుంది అంతే. పై గుడి దాటి ఊరి అంచుకి రాగానే ఒక్కసారిగా మిషాబెల్ కొండల వరస మొత్తం, ఊరి నెత్తి మీద వేలాడుతున్నట్టు ఫే హిమానీనదం, 4545 మీటర్ల డోమ్ శిఖరం. పూర్తిగా స్విట్జర్లాండ్ లోపలే ఉన్న శిఖరాల్లో అన్నింటికన్నా ఎత్తైంది అదే. బస్సులో వెళ్తే ఇదంతా అద్దంలోంచి నెమ్మదిగా అలవాటైపోతుంది, నడిచి వెళ్తేనే ఆ ఒక్క క్షణం దక్కుతుంది.

ఇంకా నడవాలనుంటే రెండో రోజు మాట్‌మార్క్ చెరువుకి వెళ్లండి, లోయ చివర 2200 మీటర్ల ఎత్తులో మట్టికట్ట డ్యామ్, చుట్టూ ఎనిమిది కిలోమీటర్ల దాకా నడక, దాదాపు చదునే. 1965 ఆగస్టు 30న డ్యామ్ కడుతున్నప్పుడు పైనున్న అలాలిన్ హిమానీనదం నాలుక విరిగి కార్మికుల షెడ్ల మీద పడింది, 88 మంది చనిపోయారు, వాళ్లలో 56 మంది ఇటలీ నుంచి పనికొచ్చినవాళ్లు. పొట్ట చేత్తో పట్టుకుని దూరదేశం పనికెళ్లినవాళ్ల బాధ మన పాలమూరు, కరీంనగర్, కడప ఇళ్లకి తెలుసు కాబట్టి చెప్తున్నా, అక్కడ స్మారకం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 1633లో కూడా అదే హిమానీనదం నీళ్లకి అడ్డుపడి, ఆ అడ్డు తెగి, లోయంతా వరదపాలైంది. నెత్తిన అలాంటిది పెట్టుకుని బతికినవాళ్లు ఒక్క గుడి కాదు, పదిహేను ఎందుకు కట్టారో నాకు మాట్‌మార్క్ చూశాకే బుర్రకెక్కింది.

ప్రశ్న: ఏ నెల మంచిది? బూట్లు కొనాలా? మేం శాకాహారులం. – రాజమండ్రి

జూన్ నుంచి అక్టోబర్ మధ్యదాకా. అన్నింటికన్నా నాకు ఇష్టం అక్టోబర్ మొదటి సగం, లార్చ్ చెట్లు పసుపుతో స్నానం చేసినట్టు ఉంటాయి, చల్లదనం కూడా పొద్దున సాయంత్రమే. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములు వస్తాయి, పొద్దున్నే ఎక్కేయండి. చలికాలంలో మెట్ల మీద మంచు గడ్డకడితే జారుతుంది, అప్పుడు టూరిస్ట్ ఆఫీసులో అడక్కుండా వెళ్లొద్దు. కొత్త ట్రెక్కింగ్ బూట్లు అవసరం లేదు, అడుగు గట్టిగా పట్టున్న స్పోర్ట్స్ షూ చాలు, కొత్తవి కొంటే మాత్రం ఇంట్లో ఓ రెండు వారాలు తొడుక్కుని అలవాటు చేసుకోండి. తిండికి, రోస్టీ అని బంగాళాదుంప తురిమి వేయించింది దొరుకుతుంది, కొన్నిచోట్ల అందులో పంది మాంసం ముక్కలు వేస్తారు, ముందే అడగండి. రాక్లెట్ చీజ్ ఆ ప్రాంతపు ప్రత్యేకం, కానీ దాన్ని పశువు పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో పాలు విరగ్గొట్టి చేస్తారు, నిష్ఠగా ఉండేవాళ్లు ఆలోచించుకోండి.

ప్రశ్న: ఆఫీసు పని మీద జెనీవా వెళ్తున్నా, ఒక్కదాన్నే ఈ దారి నడవొచ్చా? దారి తప్పితే? – విశాఖ

నడవొచ్చు. అడవి అన్నమాటే గానీ రెండు ఊళ్ల మధ్య దారి అది, పగటిపూట మనుషులు వస్తూ పోతూనే ఉంటారు, గుడి తర్వాత గుడి గుర్తులాగా ఉంటుంది కాబట్టి తప్పడం కష్టం. మలుపుల దగ్గర పసుపు బోర్డులుంటాయి, వాటి మీద దూరం బదులు టైము రాసి ఉంటుంది, ఆ టైములో ఆగిన నిమిషాలు కలపరు కాబట్టి మీరు ఇంకో సగం వేసుకోండి. ఉత్త పసుపు బోర్డు అంటే మామూలు నడక దారి. బోర్డు మొనలో తెలుపు ఎరుపు తెలుపు పట్టీ ఉంటే అది కొండ దారి, గట్టి బూట్లూ అలవాటూ కావాలి. తెలుపు నీలం తెలుపు ఉంటే అటు వెళ్లొద్దు. కాలు మడతపడో ఇంకేదో అయితే ఆ రాష్ట్రంలో 144కి ఫోన్ చేయాలి, 112 కూడా పనిచేస్తుంది. చివరి బస్సు టైము ఎక్కే ముందే ఫొటో తీసి పెట్టుకోండి. దారిలో ఎదురైన ప్రతి ఒక్కరూ పలకరిస్తారు, "గ్యూతె టాగ్" అని, అది అక్కడి నమస్కారం. మీరు కూడా పలకరించండి, ఒంటరిగా నడుస్తున్నప్పుడు ఆ ఒక్క మాట ఎంత ధైర్యమో రెండో గుడి దాటేసరికి తెలుస్తుంది.